తక్కువ రాస్తే మీరు అరుస్తారని, మేడం

మొన్న మా ఎంబీబీఎస్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక స్నేహితురాలు అడిగింది: "నువ్వింకా పీహెచ్‌సీలోనే ఉన్నావా? ఎలా ఉండగలుగుతున్నావే?" జవాబు టైప్ చేయబోయి ఆగిపోయాను. రెండు లైన్లలో అయ్యే మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను 2019లో చేరాను. నల్లమల అంచున ఉండే ఒక మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో, డాక్టరుగా. ఊరి పేరు, జిల్లా పేరు రాయను. నేను చెప్పబోయే మనుషులు ఇంకా అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నారు. జీతం బాగుందనో, క్వార్టర్స్ బాగున్నాయనో, పిల్లల స్కూలు దగ్గరనో చెప్పడానికి ఏమీ లేదు. 2022లో ఇదే బిల్డింగ్‌లో, ఇదే జీతానికి పనిచేస్తూ రాజీనామా కాగితం రాసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని నెలన్నర తిరిగాను. ఇప్పుడు ఆ కాగితం లేదు. ఈ మధ్యలో మారిందల్లా మేం ఒకరితో ఒకరం మాట్లాడుకునే తీరు. దాని గురించే ఈ పోస్టు.

ముందు మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ, కొండ ప్రాంతంలో, గిరిజన ప్రాంతంలో 20 వేలకు ఒకటి ఉండాలని లెక్క. మా దగ్గర ఉదయం తొమ్మిదికి ఓపీ మొదలైతే ఒంటిగంటకు వంద చీటీలు దాటుతాయి. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు కూడా రావు. 2017లో 67 దేశాల లెక్కలు తీసి డాక్టరు ఒక రోగితో సగటున ఎంతసేపు గడుపుతారో పోల్చిన పరిశోధన ఒకటి వచ్చింది. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం రెండు నిమిషాల దగ్గర ఉంది. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. నా బల్ల ముందు రోజూ జరిగేదే కదా అనిపించింది.

ఆ రెండు నిమిషాల్లోనే ఫోన్‌లో ముఖ హాజరు, బీపీ, షుగర్ లాంటి జబ్బులకు ఎన్‌సీడీ యాప్, గర్భిణులకు, పిల్లలకు ఆర్‌సీహెచ్ పోర్టల్, టీబీ వాళ్లకు నిక్షయ్, టీకాలకు యూ-విన్, అంటువ్యాధుల మీద నిఘాకు ఐహెచ్‌ఐపీ. ఇవన్నీ అనవసరమని నేననను. నిక్షయ్ లేకపోతే పనుల కోసం హైదరాబాద్ వలస వెళ్లిన టీబీ రోగిని పట్టుకోవడం మా వల్ల అయ్యేది కాదు. కానీ పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) ఒక్కతే బీపీ చూడాలి, సూది వేయాలి, సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఎంట్రీ కొట్టాలి. సాయంత్రానికి ఎంట్రీ పడకపోతే ఆ బీపీ చూడనట్టే లెక్క.

ఇక వీసీ. మాకు వారానికి ఒకసారి వీడియో కాన్ఫరెన్స్ ఉండేది. ఎక్సెల్ షీట్‌లో పీహెచ్‌సీల పేర్లు, పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. ఎరుపులో ఉన్నవాళ్లను పై అధికారులు ఒక్కొక్కరిగా పిలిచి అందరూ వింటుండగా అడిగేవారు. చదువుకున్న మనుషులం, ముప్పై నలభై మంది డాక్టర్లం, మా పేరు ఎప్పుడు వస్తుందా అని మైక్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఎందుకు తగ్గిందని అడిగేవారు గానీ, చెబుతుంటే వినేవారు కాదు. "కారణాలు చెప్పకండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో.

అక్కడ తిన్న తిట్లు అక్కడితో ఆగవు. మరుసటి రోజు ఏఎన్ఎంల మీటింగ్‌లో నేను అదే పని చేసేదాన్ని. అదే షీటు ప్రింట్ తీసి, అవే రంగులు చూపించి, అదే గొంతుతో. నేను స్వతహాగా అరిచే మనిషిని కాను. ఇంట్లో ఎవరినడిగినా అదే చెబుతారు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఆ గొంతు ఎక్కడి నుంచో వచ్చేసేది. అదే పద్ధతనుకున్నాను. నాకు పై నుంచి చూపించింది అదొక్కటే.

అప్పట్లో ఇంకో మార్పు కూడా నాలో వచ్చింది. కాంపౌండర్‌తో "ఆ షుగర్ కేసును పంపించు", "ఆ యాంటీనేటల్‌ను (అంటే గర్భిణిని) లోపలికి రమ్మను" అనడం మొదలుపెట్టాను. చేరిన కొత్తలో ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచేదాన్ని. పని భారంతో మనిషి లోపల అలసిపోవడాన్ని బర్నవుట్ అంటారు. ఎదుటి మనిషి మనిషిగా కనిపించకపోవడం అందులో ఒక లక్షణమని 1981లోనే క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన కొలమానంలో పెట్టారు. బర్నవుట్ అనేది జబ్బు కాదని, పనిచేసే చోట దీర్ఘకాలంగా పేరుకున్న ఒత్తిడిని సరిచేయకపోతే వచ్చే స్థితి అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రాసింది. పనిచేసే చోట అన్న మాట చాలా ముఖ్యం. మాకు ఎవరైనా సెలవు పెట్టి యోగా చేయమని చెబుతుంటారు. యోగా మంచిదే. తిరిగి వచ్చేది మాత్రం అదే వీసీకి.

2022 జూన్ 9. ప్రతి నెలా తొమ్మిదో తారీఖు గర్భిణుల పరీక్షల రోజు. ఆ రోజు వరండా నిండా ఆడవాళ్లు, చేతుల్లో ఎంసీపీ కార్డులు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసేవి). గోడకు ఆనుకుని ఒకమ్మాయి కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయి. ఏడో నెల, రెండో కాన్పు. మొదటి బిడ్డకు ఇంకా ఏడాదిన్నర లేదు. పత్తి గింజలు పెట్టే పనికి వెళ్లి వస్తోంది. లోపలికి రమ్మంటే లేచి నాలుగడుగులు వేసి తలుపు పట్టుకుని ఆగింది. ఆ ఆగడం చూసి కార్డు పక్కన పెట్టి ముందు కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎరుపన్నదే లేదు. అరచెయ్యి చాపమన్నాను. గీతలు కూడా పాలిపోయి ఉన్నాయి. నాడి 118.

కార్డులో పదకొండు రోజుల కిందటి హిమోగ్లోబిన్ 9.8 అని ఉంది.

ల్యాబ్‌లో చేయించాను. 6.4. ఇంకోసారి చేయమన్నాను. మళ్లీ 6.4. మధ్యలో రక్తస్రావం ఏమైనా అయ్యిందా అంటే లేదంది. రక్తం పోకుండా పదకొండు రోజుల్లో 9.8 కాస్తా 6.4కు పడదు. గర్భిణికి ఏడు కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత. ఈ నెలల్లో పెద్దాసుపత్రికి పంపాల్సిందే, అవసరాన్ని బట్టి రక్తం ఎక్కిస్తారు. ఆ స్థితిలో కాన్పై, ఆ పైన రక్తం పోతే తట్టుకోవడానికి ఒంట్లో ఏముంటుంది? 108 పిలిచి ఏరియా ఆసుపత్రికి పంపించాను. రెండు యూనిట్లు ఎక్కించారు. ఆగస్టు చివర్లో కాన్పైంది, ఆడబిడ్డ, రెండు కిలోల ఆరు వందలు. అది తర్వాతి సంగతి.

ఓపీ అయ్యాక ఆ సబ్‌సెంటర్ ఏఎన్ఎంను ఇంజెక్షన్ గదిలోకి పిలిచాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ చేతుల మీదుగా టీకాలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెస్తున్నారు. నేను ఆవిడను అక్కా అనే పిలుస్తాను. కార్డు చూపించి అడిగాను. కాసేపు స్టెరిలైజర్ డబ్బా వైపు చూస్తూ నిలబడింది. తర్వాత అంది: "మీటర్‌లో 6.9 వచ్చింది మేడం. స్ట్రిప్ పాడైందేమో అనుకున్నాను. అలా అనుకుంటే బాగుండనిపించింది. తక్కువ రాస్తే మీరు అరుస్తారని..."

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్లీ అంది: "పోయిన నెల ఇద్దరిని ఏడు లోపు చూపించాను కదా మేడం. అందరిలో నిలబెట్టి, ఐరన్ మాత్రలు ఇస్తున్నావా చెరువులో పారేస్తున్నావా అన్నారు."

అన్నాను. ఆ మాటే నన్ను అంతకు ముందు రోజు వీసీలో ఒకరు అన్నారు. అక్షరం మార్చకుండా తెచ్చి ఆవిడ మీద వేశాను.

ఆవిడ చేసింది తప్పు కాదని నేను చెప్పను. తప్పుడు అంకె రాయడం చిన్న విషయం కాదు, అది ఆ అమ్మాయి ప్రాణం. కానీ ఆ తప్పుకు దారి వేసింది నేను. ఆ ఇద్దరి పేర్లు నిజాయతీగా రాసిన రోజున శభాష్ అని ఉంటే, మూడో పేరు దాచేది కాదు. మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. సగం మందికి పైగా. అలాంటి చోట ఒక సబ్‌సెంటర్ నుంచి నెలల తరబడి తీవ్ర రక్తహీనత సున్నా అని వస్తుంటే మేం దాన్ని ఆకుపచ్చ రంగు వేసి మెచ్చుకుంటున్నాం. రక్తం లేని ఆడపిల్లను కనిపెట్టి తెచ్చినావిడకు ఎరుపు వేసి నిలబెడుతున్నాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగతా ఐదు సబ్‌సెంటర్ల రిజిస్టర్లలో ఇంకెన్ని 9.8లు ఉన్నాయో అన్నదే ఆలోచన.

మెమో ఇవ్వలేదు. మరుసటి సోమవారం అందరినీ కూర్చోబెట్టి, జరిగింది నా మాట వల్ల అని చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. రెండు వారాలు టైమిస్తున్నాను, కార్డులో ఉన్న ప్రతి గర్భిణికీ మళ్లీ పరీక్ష చేయండి, ఎంత వస్తే అంత రాయండి, పై నుంచి వచ్చేది నేను చూసుకుంటాను అన్నాను. చివరి మాట అంటున్నప్పుడు నాకే భయం వేసింది.

రెండు వారాల్లో ఏడు కంటే తక్కువ ఉన్నవాళ్లు ఒక్కరి నుంచి ఐదుగురయ్యారు. ఐదుగురూ అంతకు ముందు కూడా ఉన్నవాళ్లే. మాకు కనిపించలేదంతే. ఆ వారం వీసీలో మా పీహెచ్‌సీ ఎర్రగా మెరిసింది. నేను చెప్పాల్సింది చెప్పాను, వినాల్సింది విన్నాను. రాజీనామా కాగితం రాసింది ఆ రాత్రే. కొన్ని నెలల తర్వాత వచ్చిన ఇంకో అధికారి అదే షీటు చూసి "ఐదుగురిలో ఎంతమందికి రక్తం ఎక్కింది డాక్టర్ గారూ?" అని అడిగారు. మూడేళ్ల సర్వీసులో ఒక అంకె వెనక మనిషి ఏమైందని నన్ను అడిగింది అదే మొదటిసారి. నలుగురికి ఎక్కింది సార్, ఒకరు పుట్టింటికి వెళ్లారు, అక్కడి పీహెచ్‌సీకి ఫోన్ చేశాను అని చెప్పాను. గొంతు కొంచెం పూడుకుపోయింది.

ఆ జూన్ నుంచి మేం పొద్దున ఓపీ ముందు పది నిమిషాలు ఇంజెక్షన్ గదిలో కూర్చుంటున్నాం. స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్ట్ గారు, ల్యాబ్ టెక్నీషియన్, హెచ్‌వీ (హెల్త్ విజిటర్), అటెండరు, స్వీపరమ్మ. పీహెచ్‌సీకి వచ్చే పనున్న ఏఎన్ఎంలు కూడా. ముందు మాట్లాడేది అందరికంటే చిన్న ఉద్యోగి, ఆఖరున మాట్లాడేది నేను. ఈ వరస పెట్టింది మా సీనియర్ స్టాఫ్ నర్సు. "డాక్టర్ గారు ముందు మాట్లాడితే ఇంకెవరూ నోరు తెరవరు మేడం" అంది. నిజం.

మొదటి వారం ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండో వారం స్వీపరమ్మ అంది, రాత్రి నర్సమ్మలు పడుకునే గదికి గొళ్లెం ఊడి రెండేళ్లయింది, బల్ల అడ్డం పెట్టుకుంటున్నారని. రెండేళ్లు! మాది 24 గంటల పీహెచ్‌సీ. రాత్రి డ్యూటీలో ఒక నర్సు, ఒక ఆయా. తాగి వచ్చి గొడవ చేసేవాళ్లు నెలకు ఒకరైనా ఉంటారు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే శిక్ష పడుతుందని 2008 నాటి చట్టం గురించి గోడ మీద బోర్డు రాయించి ఉంది. నేను రోజూ దాన్ని దాటుకుంటూ లోపలికి వెళ్లేదాన్ని. గది తలుపు ఎప్పుడూ చూడలేదు. హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ) డబ్బుల్లోంచి ఆరు వందలు పెట్టి ఆ సాయంత్రమే వేయించాం, ఇంకో రెండు లైట్లతో సహా. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిపై అత్యాచారం చేసి చంపేసినప్పుడు మా నర్సులిద్దరూ ఆ గది గడప మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లతో పాటే కూర్చున్నాను.

పీజీ గురించి కూడా చెప్పాలి. పీహెచ్‌సీలో చేరే డాక్టర్లలో చాలామంది ఇన్-సర్వీస్ కోటాలో (ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు కేటాయించేది) పీజీ సీటు కోసం వస్తారు. మా ఆంధ్రప్రదేశ్‌లో 2024లోను, 2025లోను మావాళ్లు రోడ్డెక్కింది ఎక్కువగా ఆ కోటా విషయంలోనే. వచ్చి వెళ్లిపోతారని జనం అంటే నాకు బాధేస్తుంది. ముందుకు దారి ఉందన్న నమ్మకం లేకపోతే ఏ మనిషీ ఒక చోట మనసు పెట్టి పనిచేయలేడు. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ఇది త్యాగం కాదు. నెలకు రెండుసార్లు 104 బండిలో వెళ్లే ఊళ్లలో నాకు ఇప్పుడు ఇళ్లు తెలుసు, గొడవలు తెలుసు, ఎవరి బీపీ కొడుకు ఫోన్ చేయని వారం పెరుగుతుందో తెలుసు. ఒక ముసలమ్మ ఖాళీ బీపీ మాత్రల స్ట్రిప్పులన్నీ చీర కొంగులో మూటగట్టి తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తుంది, "లెక్క చూసుకో తల్లీ, ఒక్కటి కూడా ఎగ్గొట్టలా" అని. ఒక్కొక్క స్ట్రిప్పూ చేత్తో నొక్కి చూస్తుంది, ఖాళీ అయిందో లేదో నాకు చూపించడానికి. ఈ ఆనందం స్పెషలిస్టుకు దొరకదని నా గట్టి అభిప్రాయం. ఒకే మనుషుల్ని ఏళ్ల తరబడి చూడటంలో ఉంది అది. పై నుంచి తిట్లు, కింద భయం ఉన్న చోట ఇది మొదట చచ్చిపోతుంది, ఎందుకంటే మనుషుల్ని చూసే ఓపిక ముందు పోతుంది.

నేను చదువుకునే రోజుల నుంచి హిమ్మత్‌రావు బావస్కర్ గారంటే గౌరవం. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో మహాడ్ దగ్గర పీహెచ్‌సీలో పనిచేస్తూ, తేలు కుట్టిన పిల్లలు కళ్ల ముందే పోతుంటే రాత్రంతా మంచం పక్కన కూర్చుని ఏం జరుగుతోందో రాసుకున్నారు. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర ఆ విషానికి పనిచేస్తుందని చూపించారు. ఆ పరిశోధనలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పీహెచ్‌సీ అంటే రెఫరల్ చీటీలు రాసే చోటు కాదని నాకు నేర్పింది ఆయన కథ. మాది కూడా రాళ్ల నేల, ఎండాకాలం తేళ్లు ఎక్కువ. అందుకే ప్రాజోసిన్ అయిపోకుండా ఫార్మసిస్ట్ గారు చూసుకుంటారు.

పోయిన ఏప్రిల్‌లో రాత్రి ఒంటిగంటా నలభైకి ఫోన్. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు. "మేడం, నాలుగేళ్ల బాబు, తేలు. రెండుసార్లు వాంతి. చొక్కా తడిసిపోయింది చెమటకు. కాళ్లు మంచులా ఉన్నాయి. నాడి 150. బరువు చూశాను, పదహారు కిలోలు. ప్రాజోసిన్ సగం మాత్ర ఇవ్వనా?" కిలోకు 30 మైక్రోగ్రాముల లెక్కన ఒక మిల్లీగ్రాము మాత్రలో సగం. లెక్క సరిగ్గా చేసుకుని మరీ ఫోన్ చేసింది. ఇవ్వమ్మా, లేపి కూర్చోబెట్టకు, పడుకోబెట్టే ఉంచు, వస్తున్నాను అన్నాను. క్వార్టర్స్ నుంచి నడిచి వెళ్లేసరికి మాత్ర నీళ్లలో కరిగించి పట్టించేసింది. ఇద్దరం బాబు కాళ్ల దగ్గర కూర్చున్నాం. గంటకోసారి నాడి, బీపీ. నాలుగున్నరకు అనుకుంటా, ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని బాబు పాదం మీద పెట్టింది. వెచ్చగా ఉంది.

ఒకప్పుడైతే ఆ వేళప్పుడు నాకు ఫోన్ చేయడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. రెఫర్ అని రాసి నలభై కిలోమీటర్లు పంపేసేవాళ్లు. దారిలో ఏమయ్యేదో.

పొద్దున తొమ్మిదికి ముందే అవే బట్టల్లో వెళ్లి ఇంజెక్షన్ గదిలో కూర్చున్నాను. స్వీపరమ్మ మోటారు గురించి చెప్పింది, ఆయా దుప్పట్లు సరిపోవడం లేదంది. తర్వాత అక్క వంతు వచ్చింది. ఆవిడకు వచ్చే ఏడాది రిటైర్మెంట్. కార్డు తీసి, కళ్లజోడు సర్దుకుని, గదిలో అందరికీ వినిపించేలా చదివింది: "ఈ వారం నాకు ఒకరు మేడం. ఆరో నెల. 6.8. నిన్ననే బండి మాట్లాడి పంపించాను."